పన్నెండో కాగితం

మదరాసు,
1924 ఫిబ్రవరి 11

ఒరే ఖుద్దూస్,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగానే ఉండి ఉంటావు. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.

నిన్న కౌన్సిల్లో మొదటిసారి నోరు విప్పాను. పడవలు నడిపేవాడు చట్టసభలో ఏం మాట్లాడతాడని మన బందరు ప్లీడర్లు నవ్వుకున్నారు కదా, వాళ్ళకి చెప్పు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు బట్టీపట్టి వెళ్ళాను. లేచి నిలబడేసరికి నాలుగూ ఎగిరిపోయాయి. ఇక లాభం లేదని తెలుగులోనే అడిగాను: "పాపవరం రేవులో కృష్ణ పాయ మీద వంతెన ఎప్పుడు వేస్తారండీ?" అని. అవతల పెద్దమనిషి ఒక కాగితం చూసుకుని "పరిశీలనలో ఉంది" అన్నాడు. మన సీమోను సరంగు కూడా అంతే కదా, పొద్దున్నుంచి గాలి చూస్తూ కూర్చుని ఎప్పుడో ఒకప్పుడు పడవ విప్పుతాడు. వీళ్ళూ విప్పుతారులే అనుకుని కూర్చున్నాను.

ఆ మాట అడుగుతుంటే నాకు గుర్తొచ్చింది ఒకటే, మాణిక్యమ్మక్క కాపరానికి వెళ్ళిన రోజు. మనిద్దరికీ ఆరేళ్ళు. అక్క పడవెక్కి అవతలి గట్టుకి పోతుంటే మనం ఇవతల గట్టు మీద ఏడుస్తూ పరిగెత్తాం. నువ్వు నాకంటే గట్టిగా ఏడ్చావు. "పెద్దయ్యాక వంతెన కడతాం అక్కా" అని అరిచాం. అక్క నవ్వి, "కట్టండిరా, నడిచి వస్తాను" అంది. ముప్ఫై ఆరేళ్ళైంది. అక్క ఇంకా పడవలోనే వస్తోంది.

అసలు పని. దీంతో మన పడవల కంపెనీ పేరు అచ్చేసిన కాగితాలు పన్నెండు పంపుతున్నాను. అన్నింటి కిందా నా సంతకం ఉంది, పైన ఏమీ లేదు. ఏ ఆఫీసుకి వెళ్ళినా యజమాని సంతకం కావాలంటున్నారు. నువ్వు నాకు రాసి, నేను బదులు రాసేలోగా పని చెడుతుంది. అవసరమైనప్పుడు వాడుకో. నువ్వేం రాస్తే అదే నేను రాసినట్టు.

నీ
శోభనాద్రి


బందరు,
1924 మార్చి 2

మెంబరు గారి దివ్య సముఖానికి,

కాగితాలు అందాయి. పెట్టెలో పెట్టి తాళం వేశాను. మా ఆవిడ జైనాబ్ చూసి, "ఎవరైనా తలకాయ కోసి ఇస్తారు గానీ ఇలా సంతకాలు చేసి ఇస్తారా?" అని బుగ్గలు నొక్కుకుంది. మావాడికి తలకాయ మీద అంత ఆశ లేదులే అన్నాను.

మొదటి కాగితం అక్క కోసమే వాడాను. కోతలయ్యాయి కదా, అక్కని తీసుకురావాలి. మీ ఇంటి పద్ధతి నీకు చెప్పాలా, పుట్టింటి పడవ వెళ్ళాలి, అందులో తమ్ముడి పిలుపు ఉత్తరం ఉండాలి, లేకపోతే ఆవిడ గడప దిగదు. నువ్వా ఊళ్ళో లేవు. అందుకని నీ సంతకం పైన నేనే రాశాను, "అక్కా, పడవ పంపుతున్నాను, బయల్దేరి రా" అని. సీమోను తీసుకెళ్ళాడు. అక్క చదివి ఏమందో తెలుసా? "అక్షరాలు ఖుద్దూస్‌వి, సంతకం మావాడిది. ఇద్దరూ పిలిచినట్టే, పదండి" అందిట.

ఇప్పుడు అమ్మ దగ్గరే ఉంది. తల్లీకూతుళ్ళు వసారాలో కూర్చుని పొద్దంతా మాట్లాడుకుంటున్నారు. నేను వెళ్ళేసరికి నా కోసం తీసిపెట్టిన పూర్ణాలు ఎండిపోయి ఉన్నాయి, ఆలస్యంగా వచ్చినందుకు చీవాట్లు కూడా. మళ్ళీ ఎప్పుడు వంతెన మాట అడుగుతావో రాయమంది అక్క. "వాడు అడగడమే నాకు చాలురా" అంది.

నీ
ఖుద్దూస్


మదరాసు,
1929 ఆగస్టు 19

ఒరే ఖుద్దూస్,

ఇవాళ సభలో నన్ను ఒకాయన "వంతెన మెంబరు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆరేళ్ళలో ఆరోసారి కదా అడగడం. అదే పరిశీలన.

మిగతావి మాత్రం ఒక్కొక్కటీ అవుతున్నాయి. నందివాడ వైపు కాలువ గట్టు వేయించాను. లంకపాలెంలో బడి వచ్చింది. గుడివాడలో మన మిల్లు వెనకాల రోడ్డు కూడా వచ్చింది గానీ, అది మిల్లు కోసమే వేయించుకున్నాడని నా మీద చెప్పుకుంటున్నారట. నిజమే అనుకో, సగం మిల్లు కోసమే. వర్తకుడు మెంబరైతే జనం రెండు చేతులూ చూస్తారు, ఏ చేత్తో ఇస్తున్నాడో, ఏ చేత్తో తీసుకుంటున్నాడో అని. చూడాలి కూడా.

మొదటి ఎన్నిక గుర్తుందా? నందివాడ చేల గట్ల మీద బండి దిగబడితే మనిద్దరం బురదలో దిగి తోశాం. ఓటేసే పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. "అభ్యర్థి ఎవరండీ, ఇద్దరూ ఒకేలా ఉన్నారు" అని అడిగారు. నువ్వు నన్ను చూపించి, "బురద ఎక్కువున్నవాడండీ" అన్నావు. ఆ మాటకే సగం ఓట్లు పడ్డాయి. ఇక్కడ కుర్చీలు మెత్తగా ఉంటాయి. అయినా ఆ బురద మీదకే మనసు పోతుంది.

నీ
శోభనాద్రి


బందరు,
1931 నవంబరు 23

శోభనాద్రీ,

గాలివాన సంగతి పేపర్లో చదివే ఉంటావు. అమ్మ క్షేమం, ఇల్లు క్షేమం. పడవలే పోయాయి. రేవులో కట్టిన పద్నాలుగింటిలో ఆరు ముక్కలైపోయాయి. సీమోను తన పడవ తాడు పట్టుకుని వదలనంటే నలుగురు లాగి గట్టుకి తెచ్చారు. చేతులు రెండూ ఒరుసుకుపోయాయి.

నలభై కుటుంబాలు మన రేవు మీద బతుకుతున్నాయి. ఇప్పుడు అందరూ పొద్దున్నే వచ్చి మన గుమ్మంలో కూర్చుంటున్నారు. ఏమీ అడగరు. ఊరికే కూర్చుంటారు. అడిగితే నయమనిపిస్తోంది నాకు.

పడవలు బాగుచేయిస్తున్నాను. మొన్న ఒక చిన్న పనికి నీ కాగితం ఒకటి వాడాను. వివరాలు నువ్వు వచ్చినప్పుడు చెప్తాను.

నీ
ఖుద్దూస్


మదరాసు,
1932 ఫిబ్రవరి 26

మిత్రులు ఖుద్దూస్ గారికి,

ఉత్తరం అందింది. పడవల మరమ్మతు మీకు తోచినట్టు చేయించగలరు. వంతెన ప్రశ్న ఈసారి సభలో వేశాను. జవాబు వచ్చింది. ఇకమీదట ఆ ప్రశ్న వేయదలచుకోలేదు. అక్కకి కూడా తెలియజేయండి.

నేను సంతకం చేసి ఇచ్చిన కాగితాలు ఎన్ని మిగిలాయో రాయగలరు.

ఇట్లు
శోభనాద్రి


బందరు,
1932 మార్చి 4

శోభనాద్రీ,

మూడు మిగిలాయి. పంపమంటే పంపుతాను.

అక్కకి చెప్పాను. "వాడికి విసుగొచ్చిందేమో" అని మాత్రం అంది. "గారు" ఎందుకొచ్చిందో నేను అడగను. నలభై నాలుగేళ్ళుగా "ఒరే" అలవాటైన చెవులు ఇవి, అంతే.

ఖుద్దూస్


బందరు,
1936 సెప్టెంబరు 14

శోభనాద్రీ,

అమ్మ పోయాక నువ్వు పదకొండు రోజులు ఇక్కడ ఉన్నావు. రోజూ పక్కపక్కనే కూర్చున్నాం. రోజూ చెప్పాలనుకున్నాను. నీ మొహం చూస్తే నోరు రాలేదు. అందుకని నువ్వు రైలెక్కాక రాస్తున్నాను. ఇది పిరికితనమే.

అమ్మ చివరి రెండు రోజులు "మాణిక్యం వచ్చిందా?" అని తప్ప ఇంకో మాట అనలేదు. పిలుపు ఉత్తరం నీ కాగితం మీద రాసి నేనే స్వయంగా రేవుకి వెళ్ళాను. పాయ గట్లు ఒరుసుకుని పారుతోంది. సీమోను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "నలభై ఏళ్ళుగా ఎరుగుదును బాబుగారూ ఈ పాయని. ఇవాళ దాటనివ్వదు. నేను చచ్చినా పర్లేదు గానీ మాణిక్యమ్మగారిని నీళ్ళపాలు చెయ్యలేనండీ" అన్నాడు. అవతల గట్టున గొడుగు పట్టుకుని అక్క నిలబడి ఉంది. కబురు ఎలా తెలిసిందో, తనే వచ్చేసింది. ఇవతల నేను. మూడు రోజులు, శోభనాద్రీ. మూడో రోజు ఆవిడ దాటి వచ్చేసరికి మనం అమ్మని సాగనంపి వచ్చేశాం.

ఇప్పుడు విను. అయిదేళ్ళ కింద, గాలివాన తరవాత, కలెక్టరు ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. పాపవరం రేవులో వంతెన వేయదలిచాం, రేవు పడవల యజమానికి అభ్యంతరం ఉంటే చెప్పాలి అని. అంటే అది నిజంగా రాబోతోంది. గుమ్మంలో నలభై ఇళ్ళవాళ్ళు కూర్చుని ఉన్నారు. నేను పెట్టె తీసి, నీ సంతకం ఉన్న కాగితం మీద, "ఉన్న పడవలు జనానికి చాలు, వంతెన అవసరం లేదు" అని రాసి పంపేశాను. నువ్వు ఎనిమిదేళ్ళుగా నిలబడి అడిగినదాన్ని నీ పేరుతోనే వద్దన్నాను. ఒక్క ఏడాది గడిస్తే పడవవాళ్ళు నిలదొక్కుకుంటారు, తరవాత నీకు చెప్పి సరిచేద్దాం అనుకున్నాను. ఆ తరవాత చెప్పే ధైర్యం రాలేదు.

ఆ మూడు రోజులూ అక్కకీ అమ్మకీ మధ్య ఉన్నది పాయ కాదు, నా కాగితం. నన్నేమన్నా పడతాను. నువ్వు ఏమీ అనకపోతేనే భరించలేను.

ఖుద్దూస్


మదరాసు,
1936 సెప్టెంబరు 21

ఒరే ఖుద్దూస్,

నాకు తెలుసు. నాలుగున్నరేళ్ళుగా తెలుసు.

ముప్ఫై రెండు ఫిబ్రవరిలో నేను ఎప్పట్లాగే లేచి వంతెన ఎప్పుడని అడిగాను. ఆ పెద్దమనిషి చిరునవ్వుతో ఒక కాగితం పైకెత్తి చదివాడు. మన కంపెనీ పేరు, నీ గుండ్రటి అక్షరాలు, కింద నా సంతకం. "గౌరవ సభ్యులు సభలో ఒకటి కోరుతున్నారు, బందరులో ఒకటి కోరుతున్నారు. ప్రభుత్వం ఏది వినాలి?" అన్నాడు. సభంతా ఒకటే నవ్వు. "ఈ సంతకం మీదేనా?" అని అడిగాడు. "నాదేనండీ" అన్నాను. అంతకంటే ఏం చెప్పను? సంతకం నాదే కదా. రాత నా భాగస్వామిదని చెప్తే, మర్నాడు పేపర్లో నీ పేరు పడుతుంది. ఊళ్ళో కొందరు నీ పేరు చూసి నీ జాతిని కూడా కలిపి మాట్లాడతారు. అది నేను బతికుండగా జరగదు.

కోపం మాత్రం వచ్చింది. రాసినందుకు కాదు. నాతో చెప్పనందుకు. అందుకే "గారు" పెట్టాను. ఆ "గారు" పెట్టడానికి నా చేతికి ఎంత బరువైందో నీకేం తెలుసు!

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి, నువ్వొక్కడివే చెప్పుకుంటే ఎలా? ఆ కాగితం సభలో చదివినప్పుడు సిగ్గుతో పాటు లోపల ఎక్కడో ఊరట కూడా కలిగింది. వంతెన వస్తే పడవల కంపెనీ పోతుంది. మా నాన్న రెండు పడవలతో మొదలుపెట్టింది. ఏటేటా నేను వంతెన అడుగుతున్నది, అది రాదని నమ్మకం ఉండబట్టే. జనం చప్పట్లు కొట్టేవారు, అక్క మురిసిపోయేది, పడవలు నడిచేవి. నువ్వు రాసిన ఆ అభ్యంతరంలో నేను అనుకోని మాట ఒక్కటీ లేదు. నేను మనసులో దాచుకున్నది నువ్వు కాగితం మీద పెట్టావు, అంతే తేడా. అమ్మకి ఇద్దరం బాకీపడ్డాంరా, నువ్వొక్కడివే కాదు.

ఇక అబద్ధం చాలు. రెండు కాగితాలు మిగిలి ఉండాలి. ఒకదాని మీద, మా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాం, వంతెన వేయమని కోరుతున్నాం అని రాయి. నీ చేత్తోనే రాయి. నేను వచ్చే ఎన్నికలో ఆ ఒక్క మాట మీదే నిలబడతాను. పడవవాళ్ళందరికీ ముందే చెప్పు. వాళ్ళకి చెప్పకుండా ఏదీ చెయ్యొద్దు.

నీ
శోభనాద్రి


బందరు,
1937 మార్చి 8

ఒరే శోభనాద్రీ,

అవతలి పార్టీ పసుపు ఓట్లపెట్టెల గాలి అంత బలంగా వీస్తుంటే నీ ఆకుపచ్చ పెట్టె ఎలా నిండిందో నాకిప్పటికీ అర్థం కావడం లేదు. గెలిచిన పేరు చదివాక పేపరు రెండుసార్లు తిరగేశాను.

అభ్యంతరం వెనక్కి తీసుకున్నట్టు రాసి, నేనే వెళ్ళి ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ఆ ముందురోజు పడవవాళ్ళందరినీ పిలిచి జరిగినదంతా చెప్పాను. వంతెన వద్దని రాసిన కాగితం సంగతి కూడా. సీమోను లేచి, "బాబుగారూ, అప్పుడు వంతెన వద్దని రాసినప్పుడు మమ్మల్ని అడిగారా? ఇప్పుడు కావాలని రాసేటప్పుడు చెప్తున్నారు. చెప్పడం వేరు, అడగడం వేరండీ" అన్నాడు. అందుకని అడిగాను, ఏం చేద్దామని. పొద్దు వాలేదాకా కూర్చున్నాం. వంతెన పనికి రాయీ ఇసుకా మోసే కాంట్రాక్టు మన పడవలకే ఇప్పించమన్నారు. పని అయ్యాక బందరు రేవులో ఓడల సరుకు మోసేందుకు ఎనిమిది పడవలు పోతాయి. మిగతావాళ్ళకి గుడివాడ మిల్లులో పని. సీమోను మాత్రం ఉప్పునీళ్ళలోకి రానన్నాడు. అతనికి ఏం చెయ్యాలో నువ్వే చెప్పాలి.

వాళ్ళ తరఫున కాంట్రాక్టు అడుగు. ఇది పరిశీలనలో పెట్టించకు.

నీ
ఖుద్దూస్


బందరు,
1941 జనవరి 30

శోభనాద్రీ,

వంతెన తెరిచి పన్నెండు రోజులైంది. నువ్వు లేకుండా తెరిచారు. నీకు ఒంట్లో బాగాలేదని పెద్దాసుపత్రి నుంచి కార్డు వచ్చింది, ఏమిటో సరిగా రాయలేదు. సభ మూతపడి ఏడాది దాటింది కదా, అందుకని దిగులుపడ్డావా ఏమిటి? సభ లేని మెంబరు అని జైనాబ్ నవ్వుతోంది. నిజం రాయి.

వంతెన బాగుంది. మన పడవలు మోసిన రాళ్ళ మీదే నిలబడింది. సీమోనుని దాని మీద కాపలాకి పెట్టించావు కదా, ఖాకీ చొక్కా వేసుకుని మధ్యలో నిలబడి కిందకి నీళ్ళనే చూస్తుంటాడు. ఎలా ఉందని అడిగితే, "ఎత్తు నుంచి చూస్తే పాయ ఇంత సన్నంగా ఉందేమిటండీ? నా ఆయువంతా దీన్ని దాటడానికే సరిపోయిందా?" అన్నాడు.

అసలు గొడవ అక్కతో. దివిసీమంతా ఇటు నడిచి వచ్చేస్తోంది, అక్క ఒక్కతీ రావడం లేదు. నేను రెండుసార్లు వెళ్ళి పిలిచాను. "నువ్వు పిలిస్తే వచ్చినట్టే అనుకో. కానీ పుట్టింటి పడవ రావాలి కదరా, దాంట్లో వాడి ఉత్తరం రావాలి కదా. పడవ లేకుండా, పిలుపు లేకుండా నడిచి వచ్చేస్తే అరవై ఏడేళ్ళకి మర్యాద తప్పినట్టు కాదూ?" అంది. పడవలు లేవక్కా అంటే, "మరి వంతెన మీద ఏం వస్తుంది?" అంది. ఆవిడకి వంతెన వచ్చింది గానీ దాని మీద పుట్టింటికి ఎలా వెళ్ళాలో తెలియదు. మనకెవరికీ తోచలేదు ఈ సంగతి.

వెంటనే ఆవిడకి ఉత్తరం రాయి.

నీ
ఖుద్దూస్


మదరాసు,
1941 ఫిబ్రవరి 8

ఒరే ఖుద్దూస్,

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. వంకరలు చూసి కంగారుపడకు. కుడివైపు చెయ్యి డిసెంబరులో పడిపోయింది. మాట బాగానే ఉంది. నడుస్తున్నాను.

అక్కకి ఈ అక్షరాలు పంపలేను. చూస్తే ఏడుస్తుంది, మదరాసు వచ్చేస్తానంటుంది. చెప్పేది నేను ఎదురుగా చెప్తాను.

ఒక కాగితం మిగిలి ఉండాలి. పన్నెండోది. దాని మీద సంతకం నలభై రెండేళ్ళవాడిది, గట్టిగా ఉంటుంది. నువ్వు రాయి. ఏం రాయాలో చెప్పను. నువ్వేం రాస్తే అదే.

మార్చి నెలలో వస్తాను. డాక్టరు ఒప్పుకున్నాడు. గుడివాడలో దిగి మిల్లులో పడవవాళ్ళని చూసి బందరు వస్తాను. ఇక ఎన్నికలకి నిలబడను. చాలు. ఇంట్లో అక్క ఉండాలి, అంతే.

శోభనాద్రి


బందరు,
1941 ఫిబ్రవరి 15

అక్కా,

ఈ కాగితం పాతబడి అంచులు పసుపెక్కాయి, అయినా కంపెనీ పేరు చూసి పోల్చుకుంటావు. ఇక ఆ కంపెనీ లేదు. ఇది ఆఖరి కాగితం.

నువ్వు కాపరానికి వెళ్ళిన రోజు నీకొక మాట ఇచ్చాం. దారిలో చాలా ఆలస్యం చేశాం, అమ్మని నీకు చూపించలేకపోయాం. అది మా తప్పే. వచ్చాక తిట్టు.

మార్చిలో తమ్ముడు ఇంటికి వస్తున్నాడు. వాడు గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి నువ్వు వసారాలో కూర్చుని ఉండాలి. బుధవారం పొద్దున్నే బయల్దేరు. వంతెన మధ్యలో సీమోను ఉంటాడు, అతన్ని పలకరించు. ఇవతల చివర గూడుబండితో ఖుద్దూస్ ఉంటాడు. వాడు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటాడేమో, పట్టుకోనివ్వకు, వంతెన మొత్తం నువ్వే దాటాలి.

పడవ పంపడం లేదు అక్కా. నడిచి రా.

నీ తమ్ముడు
శోభనాద్రి

ఈ ఉత్తరం రాసింది ఖుద్దూస్.